ఇంకొంచెం బిగిద్దామా బావా?

కందుకూరులో ఉండే మా బామ్మర్ది ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేశాడు. గొంతులో గర్వం తన్నుకొస్తోంది. "బావా, కారుకు ఆయిల్ నేనే మార్చేశా. మెకానిక్ లేడు, ఏం లేడు. అరగంట పట్టింది, అంతే. దిగిన ఆయిల్ చూస్తే తేనె మాదిరి ఉంది. ఇంత తేటగా ఉన్నదాన్ని ఎందుకు మార్చమంటారో!"

చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. పదకొండు వేల కిలోమీటర్లు తిరిగిన పెట్రోల్ కారులోంచి దిగే ఆయిల్ తేనెలా ఉండదు, మాడిన బెల్లప్పాకంలా ఉంటుంది. "స్టార్ట్ చేశావా?" అని అడిగా. "లేదు బావా, ఫిల్టర్ ఇంకా విప్పలా. కొత్త ఆయిల్ మాత్రం పోసేశా." "అయితే తాళం ముట్టుకోబాక. నేనొస్తున్నా."

కావలి నుంచి వెళ్లి, కారు కింద టార్చి వేసి చూస్తే అనుకున్నంతా అయింది. వాడు విప్పింది ఇంజన్ బోల్టు కాదు, గేర్‌బాక్సు బోల్టు. ఇంజన్‌లో పాత మూడు లీటర్లు అలాగే ఉన్నాయి, వాటి మీద కొత్త మూడు లీటర్లు పడ్డాయి. గేర్‌బాక్సు మాత్రం ఎండిపోయింది. ఆ అవతారంలో ఒంగోలు బయల్దేరి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవడం కూడా ఇష్టం లేదు.

వాణ్ణి తిట్టలేదు. చిన్న కార్లలో ఇంజనూ గేర్‌బాక్సూ అడ్డంగా, పక్కపక్కనే కూర్చుని ఉంటాయి. రెండింటి అడుగునా ఒక్కో బోల్టు. కింద పడుకుని చూసేవాడికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. గుర్తుపట్టే దారి ఒకటుంది: ముందు చక్రాలకు వెళ్లే ఇనప కడ్డీలు ఏ పెట్టెలోంచి బయటికొస్తున్నాయో చూడండి, అది గేర్‌బాక్సు. ఇంజన్ కింద ఉండేది వెడల్పాటి పళ్లెం లాంటిది, మన మెకానిక్కులు చాంబర్ అంటారు. మనకు కావాల్సిన బోల్టు దానికే ఉంటుంది. ఆయిల్ ఫిల్టర్ కూడా ఇంజన్‌కే ఉంటుంది. ఇంకా అనుమానంగా ఉంటే బోల్టును పూర్తిగా తీయకుండా కాస్త వదులు చేసి, కారిన చుక్కను వేలితో తాకి చూడండి. గేరాయిల్‌కు పొగ, మసి తగలవు కాబట్టి ఏళ్లు గడిచినా తేటగానే ఉంటుంది, గంధకం వాసన వేస్తుంది. ఇంజనాయిల్ నల్లగా, కాలిన వాసనతో దిగుతుంది.

ఆదివారం కాబట్టి కొట్లు మూసేశారు. ఇంజనాయిల్ మళ్లీ కొనాలి, గేరాయిల్ వేరే కొనాలి. సోమవారం దాకా కారు వాకిట్లోనే. ఆ రాత్రి మిద్దె మీద కూర్చుని వాడు అడిగిన ప్రశ్నలూ, మర్నాడు పని చేస్తూ చెప్పుకున్న మాటలూ కలిపితే ఈ వ్యాసం. పని కష్టమైంది కాదు. ఎవరైనా చేసుకోవచ్చు. కానీ ఇందులో చెడిపోయేదంతా ఒకే మాట దగ్గర చెడిపోతుంది: "ఇంకొంచెం". అన్నం వడ్డించేటప్పుడు మనకు అలవాటైన మాట. ఇంకొంచెం చిక్కటి ఆయిల్, ఇంకొంచెం ఎక్కువ ఆయిల్, బోల్టు ఇంకొంచెం బిగుతు. కారుకు ఆ మర్యాద సరిపడదు.

ఎప్పుడు మార్చాలి?

ఆయిల్ అంటే జారుడు కోసం అనుకుంటాం. అది సగం నిజం. ఇనుమూ ఇనుమూ రాసుకోకుండా మధ్యలో పొరగా నిలబడుతుంది. పిస్టన్ దగ్గరి వేడిని కిందికి మోసుకొస్తుంది. పిస్టన్ రింగుల సందుల్ని మూసి, మండిన గ్యాసు జారిపోకుండా ఆపుతుంది. తుప్పు పట్టనివ్వదు. అన్నిటికన్నా చాకిరీ పని ఇంకొకటి: లోపల పుట్టే మసినీ, జిగటనీ తనలో కలుపుకుని, అవి గడ్డకట్టి ఎక్కడా అతుక్కోకుండా తేలుస్తూ తిప్పుతుంది. దానికోసం ఆయిల్‌లో కలిపిన మందులే వేరుగా ఉంటాయి.

కాబట్టి ఆయిల్ నల్లబడిందంటే పాడైందని కాదు, పని చేస్తోందని. డీజిల్ కారులో అయితే కొత్త ఆయిల్ పోసిన కొద్ది వందల కిలోమీటర్లకే నల్లబడుతుంది. పెట్రోల్ బంకు దగ్గరో, టీ కొట్టు దగ్గరో ఎవరైనా ఆయిల్ మట్టం చూసే కడ్డీ, అదే డిప్‌స్టిక్, లాగి, వేళ్ల మధ్య రుద్ది, "అయిపోయింది సామీ, మార్చెయ్" అంటే నమ్మాల్సిన పని లేదు. వేళ్లతో తెలిసే సంగతి కాదది.

మరి ఎప్పుడు? ఇప్పటి పెట్రోల్ కార్లలో చాలావాటికి పది వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందొస్తే అది. మీ కారుకు ఎంతో మీ మాన్యువల్‌లో ఉంటుంది. ఈ "ఏడాది" అన్న మాట దగ్గర చాలామంది బేరమాడతారు. "నేను తిరిగింది మూడు వేలే కదా!" అని. ఇక్కడొక విచిత్రం ఉంది. ఒక లీటరు పెట్రోల్ మండితే దాదాపు ఒక లీటరు నీళ్లు పుడతాయి. అందులో ఎక్కువ భాగం ఆవిరై సైలెన్సర్‌లోంచి పోతుంది గానీ, కొంత రింగుల సందుల్లోంచి చాంబర్‌లోకి జారుతుంది. కాలని పెట్రోల్ కూడా కొంచెం జారుతుంది. కారు అరగంట, గంట ఆగకుండా నడిస్తే ఆయిల్ వేడెక్కి వీటిని ఆవిరి చేసి పంపేస్తుంది. రోజూ ఇంటి నుంచి బడికి, బడి నుంచి బజారుకు, రెండేసి కిలోమీటర్లు మాత్రమే తిరిగే కారులో ఆ వేడి రాదు. నీళ్లూ పెట్రోలూ అందులోనే ఉండిపోతాయి, ఆమ్లాలు పుడతాయి, ఆయిల్‌లోని మందులు వాటితో పోరాడి ఖర్చైపోతాయి. నెల్లూరు నుంచి చెన్నైకి జాతీయ రహదారి మీద వారానికోసారి వెళ్లొచ్చే కారు కన్నా, ఊళ్లోనే నానా చాకిరీ చేసే కారు ఆయిల్‌కే కష్టమెక్కువ. చూడ్డానికి తలకిందులుగా ఉంటుంది గానీ నిజం.

మాన్యువల్‌లో మామూలు పట్టికతో పాటు, కఠిన పరిస్థితుల్లో నడిచే కార్లకు వేరే లెక్క కూడా తరచుగా ఉంటుంది. దుమ్ము, తక్కువ దూరాలు, ఏసీ వేసుకుని నిలబెట్టి ఉంచడం, అన్నీ అందులోకే వస్తాయి. చీమకుర్తి క్వారీల దారిలో రోజూ తిరిగేవాళ్లు ఆ రెండో లెక్క చూసుకోవాలి. గ్రానైట్ పొడి ఎయిర్ ఫిల్టర్ దాటిందంటే ఆయిల్‌లో కలిసి ఆకురాయిలా అరగదీస్తుంది. అలాంటి చోట ఎయిర్ ఫిల్టర్ చూడకుండా ఆయిల్ ఒక్కటే మార్చడం, చిల్లు పూడ్చకుండా బిందె నింపినట్టే.

కారు ఇంకా వారంటీలో ఉంటే నా సలహా, ఇంట్లో మార్చొద్దు. మార్చితే తప్పని కాదు, రేపు ఇంజన్‌కు ఏదైనా వస్తే రుజువు మీ దగ్గర ఉండాలి, ఆ గొడవ ఎందుకు. డబ్బు మిగులుతుందని కూడా పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. మొదటిసారి పానాలు, స్టాండ్లు కొనే ఖర్చుకే సరిపోతుంది. మన కారులో ఏం పోశారో మనకు తెలియడం, అదీ లాభం.

డబ్బా మీది అంకెలు

మా వాడి అసలు తికమక ఇక్కడే. "బావా, మాన్యువల్‌లో 0డబ్ల్యూ-20 అని ఉంది. కొట్టాయన 20డబ్ల్యూ-50 పొయ్యమన్నాడు. మన ఎండలకు పల్చటిది పనికిరాదంట. నిజమేనా?"

ఈ మాట నెల్లూరు నుంచి మార్కాపురం దాకా ఎక్కడైనా వినిపిస్తుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే చోట పల్చటి ఆయిల్ ఏం నిలబడుతుందని. వినడానికి సబబుగానే ఉంటుంది. అందుకే నిదానంగా విడదీసి చూడాలి.

ఆముదాన్ని తలుచుకోండి. చలికాలం పొద్దున సీసా వంచితే కదలదు, కాస్త వెచ్చబెడితే నీళ్లలా జారుతుంది. ఇంజనాయిల్ కూడా అంతే. చల్లగా ఉంటే చిక్కన, వేడెక్కితే పల్చన. డబ్బా మీది రెండు అంకెలు ఈ రెండు స్థితుల గురించి చెబుతాయి. డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. దానికి ముందున్న అంకె, చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెప్పే గ్రేడు, అంతేగానీ డిగ్రీలు కావు. 5డబ్ల్యూ ఆయిల్‌ను సున్నాకు 30 డిగ్రీల కింద, 20డబ్ల్యూ ఆయిల్‌ను 15 డిగ్రీల కింద పరీక్షిస్తారు. రెండో అంకె, ఆయిల్ 100 డిగ్రీల వేడిలో ఉన్నప్పుడు ఎంత చిక్కదనం నిలుపుకుంటుందో చెబుతుంది. 20 కన్నా 30 చిక్కన, 30 కన్నా 50 చిక్కన. ఈ గ్రేడులు పెట్టింది ఎస్‌ఏఈ అనే అమెరికా ఇంజనీర్ల సంస్థ.

మన దగ్గర సున్నా డిగ్రీలు ఎప్పుడూ ఉండవు కదా, చలి అంకెతో మనకేం పని? ఉంది. ఇంజన్ లెక్కలో నెల్లూరు ఎండ కూడా చలే. ఒక మామూలు 5డబ్ల్యూ-30 ఆయిల్, 40 డిగ్రీల దగ్గర ఉండే చిక్కదనం 100 డిగ్రీల దగ్గరకొచ్చేసరికి సుమారు ఆరో వంతుకు పడిపోతుంది. అంటే మే నెల మధ్యాహ్నం మీరు తాళం తిప్పేటప్పటికి కూడా ఆయిల్ తాను పనిచేయాల్సిన దానికన్నా ఎన్నో రెట్లు చిక్కగా ఉంది. రాత్రంతా కిందికి దిగిపోయిన ఆయిల్ పైకెక్కే ఆ మొదటి క్షణాల్లో భాగాలు ఎక్కువ అరుగుతాయి. పల్చటిది తొందరగా చేరుతుంది. 20డబ్ల్యూ-50 ఆయిల్ 40 డిగ్రీల దగ్గర ఆ 5డబ్ల్యూ-30 కన్నా రెండింతలకు పైగా చిక్కగా ఉంటుంది.

ఇక ఎండ సంగతి. బయట 30 ఉన్నా 45 ఉన్నా, ఇంజన్ వేడిని థర్మోస్టాటూ, రేడియేటరూ, ఫ్యానూ కలిసి దాదాపు ఒకే చోట పట్టి ఉంచుతాయి. పొంతలో నీళ్లు మరుగుతుంటే బయట ఎండగా ఉందా, వానగా ఉందా అని చూడం కదా. ఎండ వల్ల ఆయిల్ వేడిలో తేడా అసలుండదని అనను. కానీ 20 గ్రేడు నుంచి 50 గ్రేడుకు ఎగబాకేంత తేడా కాదది.

కొట్టాయన మాట పూర్తిగా గాలివాటం కూడా కాదు. పాతికేళ్ల కిందటి ఇంజన్లలో సందులు వెడల్పు, వాటికి 20డబ్ల్యూ-50 సరిగ్గా సరిపోయేది. ఆయన చేతులు ఆ బళ్ల మీద పెరిగినవి. ఇప్పటి ఇంజన్లలో సందులు సన్నం, వాల్వుల టైమింగును ఆయిల్ ఒత్తిడితోనే మార్చే ఏర్పాటు ఉంటుంది, సన్నటి దారుల్లోంచి ఆయిల్ పరుగెత్తాలి. అక్కడ చిక్కటిది పోస్తే మొదట మైలేజీ తగ్గుతుంది, తర్వాత మిగతావి. కొన్ని మాన్యువళ్లలో వేడి ప్రాంతాలకు ఒక మెట్టు చిక్కటి గ్రేడు కూడా వాడొచ్చని పట్టిక ఇస్తారు. ఇచ్చి ఉంటే వాడండి. ఇవ్వకపోతే పుస్తకంలో ఉన్నదే పొయ్యండి. ఇక్కడ ఎవరి అనుభవమైనా, నాదైనా సరే, పుస్తకం తర్వాతే.

అంకెల కింద ఇంకో రెండక్షరాలుంటాయి, వాటిని ఎవరూ చూడరు. ఏపీఐ ఎస్‌ఎన్, ఎస్‌పీ లాంటివి. ఏపీఐ అంటే అమెరికా పెట్రోలియం సంస్థ. ఎస్‌తో మొదలైతే పెట్రోల్ ఇంజన్లకు, సీతో మొదలైతే డీజిల్‌కు. పెట్రోల్ వరసలో రెండో అక్షరం ముందుకు వెళ్లేకొద్దీ కొత్త ప్రమాణం. ఎస్‌ఎన్ 2010లో వచ్చింది, ఎస్‌పీ 2020లో. పాతది అడిగిన పెట్రోల్ ఇంజన్‌లో కొత్తది మామూలుగా పొయ్యొచ్చు, కొత్తది అడిగిన చోట పాతది పొయ్యకూడదు. డీజిల్ వాళ్లకు ఒక హెచ్చరిక. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణం) డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే జల్లెడ ఒకటి ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. ఆయిల్ కొద్దికొద్దిగా మండినప్పుడు మిగిలే బూడిద దాన్ని పూడ్చేస్తుంది. అందుకే వాటికి బూడిద తక్కువ వచ్చే ప్రత్యేక ఆయిల్ కావాలి, ఏసీఈఏ (యూరప్ కార్ల తయారీదారుల సంఘం) సీ2, సీ3 లాంటి గుర్తులు చూడాలి. ట్రాక్టర్‌కు తెచ్చిన డబ్బాలోంచి రెండు లీటర్లు కారులో పోస్తే జరిగే నష్టం ఆ రెండు లీటర్ల ధరతో పోదు.

డబ్బాలో అర లీటరు మిగిలితే మోటార్ సైకిల్‌లో పోద్దామనిపిస్తుంది. వద్దు. మన బైకుల్లో చాలావాటికి క్లచ్ ప్లేట్లు ఇంజనాయిల్‌లోనే మునిగి ఉంటాయి. కారు ఆయిల్‌లో జారుడు పెంచే మందులుంటాయి కాబట్టి క్లచ్ జారిపోవచ్చు. బైకు డబ్బా మీద జేఏఎస్‌ఓ ఎంఏ అన్న జపాన్ ప్రమాణం గుర్తు ఉండేది అందుకే.

కారు కిందికి

స్టెప్నీ పక్కనుండే జాకీ చక్రం మార్చడానికి ఇచ్చింది. ఆ జాకీ మీద నిలబెట్టిన కారు కింద తల పెట్టకండి. పెట్టకండి అంటే పెట్టకండి, "రెండు నిమిషాలే కదా" అని కూడా. ఎత్తిన కారును ఇనప స్టాండ్ల మీద దించాలి, లేదా ర్యాంపుల మీదికి ఎక్కించాలి. వెనక చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు, హ్యాండ్ బ్రేకు, గేరు. నేల గట్టిగా, సమంగా ఉండాలి. సిమెంటు ఇటుకలు హఠాత్తుగా పొడైపోతాయి. ఒంగోలు వైపు ఇంటింటికీ గ్రానైట్ ముక్కలుంటాయి, మా వాడూ రెండు తెచ్చి పెట్టాడు. గ్రానైట్ మీద నిటారు బరువు పెడితే ఎంతైనా మోస్తుంది, వంగే బలం వచ్చినా దెబ్బ తగిలినా మాత్రం చెప్పకుండా పగులుతుంది. వాటిని పక్కన పెట్టించా. పల్లెల్లో కాలువ గట్టు మీద అటో చక్రం ఇటో చక్రం ఎక్కించి మధ్యలో దూరడం చూశాను, తడి గట్టు జారితే ఏముంటుంది చెప్పడానికి.

ఇంజన్‌ను మూడు నాలుగు నిమిషాలు నడిపి ఆపండి. గోరువెచ్చని ఆయిల్ మసితో సహా బాగా దిగుతుంది. హైవే మీద నుంచి వచ్చిన వెంటనే మాత్రం వద్దు, చర్మం ఊడుతుంది. పైన ఆయిల్ మూత తీసి పెడితే గాలి ఆడి ధార సాఫీగా వస్తుంది. గ్లౌజులు వేసుకోండి, వాడేసిన ఆయిల్ ఒంటికి మంచిది కాదు.

బోల్టుకు సరిగ్గా పట్టే సాకెట్ గానీ రింగు పానా గానీ వాడాలి. అడ్జస్టబుల్ పానా వాడితే మూలలు అరిగిపోతాయి. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి బోల్టులు పట్టేసి ఉంటాయి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి కాసేపు ఆగితే పోయేదానికి సుత్తి ఎత్తొద్దు. చివరి మరలు చేత్తో విప్పుతూ, బోల్టును లోపలికి నొక్కిపట్టి, ఒక్కసారిగా పక్కకు లాగాలి. మొదటిసారి బోల్టు టబ్బులో పడుతుంది. అందరికీ పడుతుంది. ధార తిన్నగా కిందికి కూడా రాదు, కాస్త ఎడంగా దూకుతుంది, టబ్బును ముందే అటు జరిపి పెట్టుకోండి.

ఆయిల్ చుక్కలుగా మారేదాకా పది పదిహేను నిమిషాలు వదిలెయ్యండి. ఈలోపు బోల్టుకున్న వాషర్ చూడండి. రాగిదో అల్యూమినియందో ఉంటుంది. బిగించినప్పుడు నలిగి సందు మూయడమే దాని పని, ఒకసారి నలిగింది మళ్లీ నలగదు. కొత్తది వెయ్యండి. పది ఇరవై రూపాయల వస్తువును దాచుకుని నెలంతా చుక్కలు తుడుచుకునేవాళ్లని చూశా.

ఇప్పుడు బిగింపు. "ఇంకొంచెం బిగిద్దామా బావా?" అన్నాడు మా వాడు, పానా చివర పైపు తొడగబోతూ. మాన్యువల్‌లో ఆ బోల్టుకు 35 న్యూటన్ మీటర్లు అని ఉంది. 20 సెంటీమీటర్ల పానా చివర సుమారు 18 కిలోలు వేలాడదీస్తే వచ్చే బలం అది, 25 కిలోల బియ్యం సంచి కన్నా తక్కువ. అదే బలాన్ని 60 సెంటీమీటర్ల పైపు చివర పెడితే మూడింతలు, 105. చాంబర్ చాలా కార్లలో అల్యూమినియం, బోల్టు ఉక్కు. రెండూ పోట్లాడితే ఓడిపోయేది చాంబరే. మర పోయిందంటే కొత్త మర కోయించాలి, కాకపోతే చాంబరే మార్చాలి. కాబట్టి ముందు చేత్తో పూర్తిగా తిప్పాలి, అడ్డం పడితే విప్పి మళ్లీ మొదలుపెట్టాలి. తర్వాత వాషర్ నలిగినట్టు చేతికి తెలిసేదాకా పానాతో. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ పానా దొరికితే అనుమానమే ఉండదు.

ఫిల్టర్ దగ్గర ఒక్క విషయం మీద ప్రాణం పెట్టండి. పాత ఫిల్టర్ విప్పాక దాని రబ్బరు రింగు దాంతోపాటు వచ్చిందా, ఇంజన్‌కే అంటుకుని ఉండిపోయిందా చూడండి. ఉండిపోతే, దాని మీద కొత్త ఫిల్టర్ బిగిస్తే రెండు రబ్బర్లవుతాయి. స్టార్ట్ చేసిన కాసేపటికి ఒత్తిడికి అవి జారి, పోసిన ఆయిల్ అంతా నిమిషాల్లో నేల మీద ఉంటుంది. కూర్చునే చోటు గుడ్డతో తుడవాలి, కొత్త రబ్బరుకు వేలితో కొత్త ఆయిల్ పూయాలి, రబ్బరు ఆనిన దగ్గర్నుంచి చేత్తోనే ముప్పావు చుట్టు బిగించాలి. పానా అక్కర్లేదు. కొన్ని డీజిల్ ఇంజన్లలో, ఒకప్పుడు మన రోడ్ల నిండా తిరిగిన 1.3 లీటర్ల డీజిల్ ఇంజన్‌తో సహా, ఇలా డబ్బా ఫిల్టర్ ఉండదు. ప్లాస్టిక్ గూడులో కాగితం ఫిల్టర్ ఉంటుంది. దాని బిగింపు లెక్క వేరు, మాన్యువల్ చూడాల్సిందే.

పోయడం, చూడడం

మాన్యువల్‌లో మూడు లీటర్ల చిల్లర అని ఉంటే ముందు రెండున్నర పొయ్యండి. డిప్‌స్టిక్ తుడిచి, పెట్టి, తీసి చూడండి. తర్వాత కొంచెం కొంచెంగా. మూత పెట్టి స్టార్ట్ చేస్తే మీటర్లో ఎర్రటి ఆయిల్ దీపం ఒకట్రెండు సెకన్లు వెలిగి ఆరిపోవాలి. ఖాళీ ఫిల్టర్ నిండాలి కాబట్టి ఈ ఒక్కసారికి ఇంకో రెండు సెకన్లు పట్టొచ్చు. అంతకు మించి వెలుగుతుంటే వెంటనే ఆపెయ్యండి, యాక్సిలరేటర్ తొక్కి చూద్దామనుకోవద్దు. ఒక నిమిషం నడిపి, కింద బోల్టూ ఫిల్టరూ చూసి, ఆపి, కారును సమంగా నేల మీదికి దించి, ఐదు నిమిషాలాగి మళ్లీ డిప్‌స్టిక్ చూడండి. ఫిల్టర్ తాగినంత తగ్గి ఉంటుంది, అది పొయ్యండి.

రెండు గీతల మధ్య ఎక్కడున్నా మంచిదే, పై గీత దగ్గరుంటే ఇంకా మంచిది. పై గీత దాటితే మంచిది కాదు. చాంబర్ పైనే క్రాంకు, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, గిర్రున తిరుగుతుంటుంది. మట్టం పెరిగి క్రాంకుకు తగిలితే కవ్వం పడ్డ మజ్జిగలా నురగొస్తుంది. నురగలో గాలి ఉంటుంది, పంపు ఆ గాలినే బేరింగులకు పంపుతుంది. ఆయిల్ ఎక్కువై, ఆయిల్ అందక ఇంజన్ చెడడం అంటే ఇదే. మా వాడి ఇంజన్‌లో చేరిన ఆరు లీటర్లతో స్టార్ట్ చేసి ఉంటే జరిగేది కూడా ఇదే. ఎక్కువైతే బోల్టు వదులు చేసి గ్లాసెడు దించెయ్యడమే.

తేదీ, కిలోమీటర్లు, గ్రేడు ఒక చీటీ మీద రాసి బానెట్ లోపల అంటించండి. బిల్లు దాచండి. ఖాళీ ఆయిల్ డబ్బాకు చిల్లు పొడిచి పారెయ్యండి, లేకపోతే ఆ డబ్బాలోకే నకిలీ ఆయిల్ చేరి ఇంకెవరి ఇంజన్‌లోకో వెళ్లొచ్చు.

దిగిన ఆయిల్ ఎక్కడికి?

మా దగ్గర తేలింది మామూలు కన్నా రెట్టింపు: పాతదీ, దాంతో కలిసి పాడైన కొత్తదీ. పక్కింటాయన వచ్చి, "సెంట్రింగ్ రేకులకు పూస్తారు, నాకియ్యండి" అన్నాడు. ఇంకొకాయన చెదలకు తలుపు గడపలకు పూస్తానన్నాడు. మా అత్తగారు దోమలకు సైడు కాలువలో పొయ్యమన్నారు. ఎవరిదీ దురాలోచన కాదు, కాలిన ఆయిల్‌ను మనం ఎన్నాళ్లుగానో ఇలాగే వాడుతున్నాం. మునిసిపాలిటీల వాళ్లు కూడా పొట్టు మూటల్ని ఆయిల్‌లో ముంచి కాలువల్లో వేస్తుంటారు.

కానీ ఆ కాలువ ఎక్కడికి పోతుందో మన జిల్లాల్లో అందరికన్నా మనకే తెలియాలి. నెల్లూరు ఊరి మధ్య సర్వేపల్లి కాలువ, దాని కింద వరి. ఇందుకూరుపేట, ముత్తుకూరు, అల్లూరు వైపు కాలువలూ క్రీకులూ పోయి కలిసే చోట వనామీ రొయ్యల చెరువులు. ఆయిల్ నీటి మీద పలచగా పరుచుకుని గాలిని కిందికి దిగనివ్వదు. చెరువులో ఆక్సిజన్ పడిపోతుందేమోనని అర్ధరాత్రి లేచి నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పుకునే రైతుకు ఆ పొర ఏం చేస్తుందో వేరే చెప్పాలా? దోమ పిల్లల్ని చంపేదీ ఆ పొరే, కాకపోతే అది దోమా రొయ్యా అని చూసుకోదు. ఒక్క కారు నుంచి ఒక్కసారి దిగిన ఆయిల్ పది లక్షల గ్యాలన్ల, అంటే సుమారు 38 లక్షల లీటర్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతుంది. పైగా అరిగిన లోహాల పొడి, కాలిన మసిలోని విషాలు అందులోనే ఉంటాయి.

మన దేశంలో 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడేసిన ఆయిల్ కూడా ఉంది. 2023లో వాటికి సవరణ తెచ్చి, 2024 ఏప్రిల్ 1 నుంచి పాత ఆయిల్ శుద్ధికి వెళ్లేలా చూసే బాధ్యతను ఆయిల్ తయారుచేసేవాళ్ల మీద పెట్టారు. ఇది కాగితం మీది మాట. ఆచరణలో మనం చేయగలిగింది తేలికే: సర్వీస్ సెంటర్లలోనూ, పెద్ద షెడ్లలోనూ పాత ఆయిల్ పోసే డ్రమ్ములుంటాయి, శుద్ధి చేసేవాళ్లకు అక్కడి నుంచి వెళ్తుంది. ఆయిల్‌లో అరిగిపోయేది ఎక్కువగా మందులే. నీళ్లూ మసీ తీసేసి, శూన్యంలో మరిగించి వడగడితే మూల నూనె మళ్లీ ఆయిల్‌గానే పనికొస్తుంది. మీరు చేయాల్సింది అందులో నీళ్లు, పెట్రోల్, బ్రేక్ ఆయిల్ కలపకుండా మూత ఉన్న డబ్బాలో పట్టుకెళ్లడం. పాత ఫిల్టర్‌ను ఒక రాత్రి బోర్లించి పెడితే అందులోంచి కూడా గ్లాసెడు దిగుతుంది.

షెడ్డు మేస్త్రీ మా డబ్బా ఎత్తి చూసి, "ఒక కారుదే?" అని అడిగాడు. మా బామ్మర్ది నా వైపు చూశాడు. నేను డ్రమ్ము వైపు చూశా.

ఆ సాయంత్రం ఏసీ వేసుకుని ఊరి చుట్టూ ఓ చుట్టు తిరిగొచ్చి, కారు వాకిట్లో పెట్టి, కింద అట్టపెట్టె విప్పి పరిచాం. తెల్లారి ఆరింటికి వాడు నన్ను లేపాడు. అట్ట మీద అరచేతంత మరక. ముఖం చూస్తే నిద్రపోయినట్టు లేడు. వంగి వేలితో రుద్ది, వాసన చూశా. రంగు లేదు, వాసన లేదు, జిడ్డు లేదు. ఏసీ నీళ్లు.